శనివారం సూది

రామప్ప గుడి పునాదిలో ఇసుక, సున్నంతో పాటు బెల్లం, కరక్కాయ కూడా కలిపారని పాలంపేటలో ఎవరినడిగినా చెబుతారు. నేల కదిలినా ఆ ఇసుక పరుపు అదురును మింగేస్తుందట. 2024 డిసెంబరు 4 పొద్దున్నే ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించి, హనుమకొండలో మా వంటింటి గిన్నెలు గలగలమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ గుడే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, పైన శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గైడు ఇవన్నీ చెప్పుకుంటూ పోతుంటాడు గానీ నా మనసు కరక్కాయ దగ్గరే ఆగిపోతుంది. గుడి పునాదిలో చేరిన ఈ కాయే మా ఇంట్లో దగ్గుకు మందు. మా అమ్మ దాన్ని సానరాయి మీద నాలుగు చుట్లు అరగదీసి, వేలి కొసతో పిల్లల నాలుకకు రాసేది. నాలుగు చుట్లా, ఏడు చుట్లా అన్న విషయంలో మా అమ్మకూ మా అత్తగారికీ ఎన్నడూ కుదరలేదు.

గుడి దారిలో నీళ్ల సీసాలు, కొబ్బరికాయలు అమ్ముకునే పిల్లవాడొకడు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. పిల్లవాడు అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఇంటికి తీసుకుపోయి టీ ఇవ్వందే వదలడు. మొన్న వెళ్లింది శనివారం. ఇంట్లోకి అడుగు పెట్టేసరికే మాటలు పెద్దవై ఉన్నాయి. నన్ను చూసి భార్యాభర్తలిద్దరూ ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే అన్నారు, "సారూ, మీరన్న చెప్పుండ్రి."

చిన్నపాపకు తొమ్మిది నెలలు నిండాయి. ఆ రోజు అంగన్‌వాడీలో సూదులు వేస్తున్నారు. తట్టు, రుబెల్లా సూది, దాంతో పాటు పడాల్సినవీ ఉన్నాయి. పాపకు రెండు రోజుల నుంచి ముక్కు కారుతోంది. ఒళ్లు వేడి లేదు, పాలు తాగుతోంది, చేతికి దొరికిన నా కళ్లజోడు డబ్బాను నోట్లో పెట్టుకుని పరీక్షిస్తోంది.

"పోయినసారి సూది ఏసిన రాత్రి ఒళ్లు కాలిపోయింది సార్. తొడ రాయి లెక్క అయింది. ఇప్పుడు జలుబు మీద మళ్లొకటి పొడుస్తరా? వచ్చే నెల ఏపిద్దాం అంటున్న."

"జలుబున్నా ఏం గాదు, తీస్కరమ్మని ఆశక్క చెప్పింది."

"ఆశక్కకేంది? పిల్ల ఏడిస్తే ఆమె నిద్ర పోతదా?"

"నీది పోయిందా? ఆ రాత్రి పిల్లను ఎత్తుకొని వాకిట్ల తిరిగింది నేను."

వాడు నా వైపు చూడలేదు. నేను టీ గ్లాసులోకి చూశాను. ఈ దేశంలో పిల్లల ఆరోగ్యం గురించిన నిర్ణయాలన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు. నిర్ణయం ఒకరిది, జాగారం ఇంకొకరిది. మా ఇంట్లోనూ అంతే జరిగింది. అందుకే తీర్పు చెప్పడానికి నోరు రాలేదు.

మా పెద్దవాడికి ఏడాది నిండక ముందు ఒక ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మాది అప్పుడు రోడ్డు సరిగ్గా లేని ఊరు. కడుపుకు విశ్రాంతి కావాలి, పాలు ఆపండి, నీళ్లు ఆపండి, పోస్తే పోసినట్టే పోతుంది అని మా అమ్మ. ఆమె మాటలో తర్కం ఉంది కూడా, కుండకు చిల్లు పడితే నీళ్లు పోయడం ఎందుకు అన్నట్టు. నేను చదువుకున్నవాణ్ని కదా, సైకిలెక్కి పక్క ఊరి ఆర్‌ఎంపీని తీసుకొచ్చి సూది వేయించాను. నా భార్య మాట ఎవరూ అడగలేదు. అడిగితే, నీళ్లలో చక్కెరా ఉప్పూ కలిపి చెంచాతో పట్టమని ప్రసవం చేసిన నర్సమ్మ చెప్పిందని అనేది. అడగలేదు కనుక చెప్పలేదు. మేము నిద్రపోయాక వంటింట్లో గ్లాసు పెట్టుకుని, దీపం తగ్గించి, తెల్లవార్లూ చెంచా చెంచా పట్టింది. పొద్దున వాడు ఏడిస్తే కళ్లల్లో నీళ్లు కనబడ్డాయి. అంతకు ముందు రోజు సాయంత్రం ఏడుపే తప్ప కన్నీళ్లు లేవు. అది ఎంత ప్రమాదపు గుర్తో ఆనాడు నాకు తెలియదు.

వాడు కోలుకున్నాడు. దిష్టి తీయడం వల్ల అని అమ్మ ఊరంతా చెప్పింది. సూది పడబట్టి అని నేను స్టాఫ్‌రూములో చెప్పాను. నా భార్య ఏమీ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు గురించి చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో సరిహద్దు దాటి వచ్చిన జనంతో బంగావ్ శిబిరం నిండిపోయింది, కలరా మొదలైంది, ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాల్లేదు. ఆయన ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, తల్లుల చేతికీ బంధువుల చేతికీ గ్లాసులిచ్చి తాగించమన్నాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. పేగులో చక్కెర లోపలికి పోతూ తనతో ఉప్పును, ఉప్పుతో నీటిని లాక్కుపోతుంది, అదీ దాని కిటుకు. లీటరు నీళ్లకు తలకొట్టిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు, చనిపోయాక. నేను ఆ వ్యాసం మడిచిపెట్టి వంటింట్లోకి వెళ్లి, "ఆ రాత్రి నువ్వు ఏం పట్టావు వాడికి?" అని అడిగాను. "ఏ రాత్రి?" అంది.

ఈ తగాదాలు ఇళ్లలో తరాల తరబడి ఎందుకు తెగవో అప్పటి నుంచి నాకొక అనుమానం. పిల్లల జబ్బుల్లో ఎక్కువ భాగం వాటంతటవే తగ్గేవి. జలుబు వారానికి పోతుంది. మామూలు జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది. ఆ మూడో రోజున ఎవరు ఏం చేసి ఉంటే అదే మందు. కరక్కాయ రాసినవాళ్లకు కరక్కాయ, తాయెత్తు కట్టించినవాళ్లకు తాయెత్తు, అవసరం లేని యాంటీబయాటిక్ సీసా కొన్న నాలాంటివాడికి ఆ సీసా. ప్రతి సలహా ఫలిస్తుంది, ప్రతి ఒక్కరి దగ్గరా సాక్ష్యం ఉంటుంది, అదీ కళ్లెదుట ఆడుకుంటున్న బిడ్డ రూపంలో. ఇంత గట్టి సాక్ష్యంతో వాదనకు దిగినవాళ్లు ఎందుకు తగ్గుతారు? అలా తగ్గని జబ్బులు కొన్ని ఉన్నాయి. ఒంట్లో నీళ్లు ఇంకిపోవడం ఒకటి, తట్టు ఒకటి. వాటి దగ్గరికి వచ్చేసరికి, నిన్నటిదాకా ప్రతిసారీ నిజమైన మనిషి, మొదటిసారి తప్పవుతాడు. తన మాట తప్పిందని తెలుసుకునేందుకు మాత్రం వ్యవధి ఉండదు.

భార్యాభర్తల మధ్య ఇలాంటి మాట కోర్టు దాకా పోయిన దేశాలూ ఉన్నాయి. 2013లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. విడిపోయిన దంపతులు, ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి 15 ఏళ్లు, ఇంకొకరికి 11. తట్టు టీకా వేయించాలని తండ్రి, వద్దని తల్లి. వేయించమని జడ్జి తీర్పిచ్చారు. ఆ దేశంలో ఆ భయం ఊరికే పుట్టలేదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లలను చూపించి, టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టే వ్యాసం లాన్సెట్‌లో అచ్చువేశాడు. అది నిలబడదని తేలి 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, డాక్టరుగా అతని గుర్తింపు రద్దయింది. మాట మాత్రం వెనక్కి రాలేదు. 2017 ఆగస్టులో మన దగ్గర 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. మా బడిలో సూదులు వేసే రోజు హాజరు చూస్తే సగం బెంచీలు ఖాళీ. ఫోన్లలో ఏదో వీడియో తిరిగిందట. ఒక తండ్రి వచ్చి, "మా ఇంటామె వేయించమంటాంది, నేనే వద్దన్న, మీరు సంతకం అడగకుండ్రి" అన్నాడు. మర్నాడు ఆమె వచ్చి సంతకం పెట్టింది. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు.

మళ్లీ పాలంపేటకు వస్తాను. నేను టీ గ్లాసులోకి చూస్తుంటే, మూలన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న వాడి తల్లి ఒక్క మాటా మాట్లాడలేదు. డెబ్బై దాటిన మనిషి. నేనే అడిగాను, "నువ్వేమంటవు పెద్దమ్మా?" అని. ఆమె కొంగు జరిపి ఎడమ భుజం చూపించింది. రూపాయి బిళ్లంత మచ్చలు రెండు. మధ్యలో చర్మం మెరుస్తూ, అంచులు ముడతలు పడి, పాత ముద్ర కొట్టినట్టున్నాయి. మశూచి టీకా మచ్చలు. 1962లో దేశమంతటా మశూచి నిర్మూలన మొదలయ్యాక ఊరూరా తిరిగిన టీకాలవాళ్లు వేసిన ముద్రలు. 1975 తర్వాత ఆ జబ్బు మన దేశంలో లేదు. ఆ వయసువాళ్ల భుజాల మీద తప్ప ఇప్పుడది ఎక్కడా కనిపించదు.

"టీకాలోళ్లు అచ్చిండ్రంటే మాయవ్వ నన్ను తీస్కపోయి వడ్ల గుమ్మిల దాసింది. పోచమ్మకు కోపమొస్తదని ఆమె భయం. మా అయ్య గుమ్మిలకెళ్లి గుంజి బయటేసిండు. మా పెద్దన్న తల్లి పోసి సచ్చిపోయిండు మరి, ఆయన ఎత్తుకపోయి బొందల పెట్టచ్చిండు."

"మరి మీ అవ్వ?"

"రొండు దినాలు మా అయ్యకు బువ్వ పెట్టలే."

నవ్వొచ్చింది, నవ్వలేదు. చనిపోయిన ఆ పిల్లవాడు ఇద్దరి బిడ్డే. ఒకే చావులోంచి తండ్రి ఒక భయం తెచ్చుకున్నాడు, తల్లి ఇంకొక భయం తెచ్చుకుంది. పోచమ్మకు మళ్లీ కోపం తెప్పించకూడదని ఆమె గుమ్మి మూత పెడితే, మళ్లీ పార పట్టకూడదని ఆయన మూత తీశాడు. మా అమ్మ కూడా నీళ్లు ఆపమన్నది మూర్ఖత్వంతో కాదు. నాకు ముందు పుట్టిన పిల్ల వాంతులతో పోయిందని ఎప్పుడో ఒకసారి చెప్పింది, ఆ చివరి రోజు తాను నీళ్లు పట్టిందని కూడా చెప్పింది. ఈ మాటలు తగాదాలో ఎవరూ ఎత్తరు. అత్తమ్మ మొండిది అంటారు, మొగుడు వినడు అంటారు, అంతే.

అలాగని ఇద్దరి మాటా సగం సగం చేసుకుందామంటే కుదిరే వ్యవహారమా ఇది? సూది సగం వేయరు. నేను నోరు విప్పక తప్పలేదు. పోయినసారి వచ్చిన జరం సూది చేసే పనిలో భాగమేననీ, చిన్న జలుబు టీకాకు అడ్డు కాదనీ, ఆశక్క చెప్పిందే డాక్టరూ చెబుతాడనీ అన్నాను. నమ్మకపోతే అక్కడ నర్సమ్మ ఉంటుంది, పిల్లను చూపించి నువ్వే అడుగు అన్నాను వాడితో. వాడికి చివరి మాట నచ్చింది. మగవాళ్లకు ఓడిపోవడానికి కొంచెం దూరం నడిచే వీలు కావాలి. నా అనుభవమే చెబుతున్నాను.

అంగన్‌వాడీకి నలుగురం వెళ్లాం. నేను కళ్లజోడు డబ్బా కోసం వెళ్లాను, పాప వదల్లేదు. వాడు నిజంగానే అడిగాడు, ఒకటికి రెండుసార్లు. నర్సమ్మ ఒళ్లు తాకి చూసి, కార్డు అడిగింది. నాలుగు మడతలు పడి, మూలన పసుపు మరకంటిన కార్డు. తల్లి దాన్ని జాకెట్టులోంచి కాదు, పిల్ల మందుల కోసమే పెట్టుకున్న ప్లాస్టిక్ కవరులోంచి తీసింది. కుడి భుజానికి తట్టు సూది పడింది, మిగిలినవీ పడ్డాయి, నోట్లో విటమిన్ ఎ చెంచా పోశారు. పాప గుక్క పట్టింది. తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అరగంట కూర్చోబెట్టి పంపిస్తూ, వారం పది రోజుల నాడు ఒళ్లు కొంచెం వేడెక్కినా, రెండు మూడు పొక్కులు లేచినా భయపడొద్దని, ఈ సూదికి అది మామూలేనని నర్సమ్మ చెప్పింది. అందరం తలాడించాం.

ఎనిమిదో రోజున వాడి ఫోన్ వచ్చింది. పాపకు ఒళ్లు వెచ్చబడిందట. తన తల్లి పెట్టిన పెరుగన్నం వల్లేనని వాడు, సాయంత్రం చెరువుకట్ట మీద తిప్పుకొచ్చింది వాడేనని ఆ పెద్దమ్మ, ఫోన్‌లోనే వాదించుకుంటున్నారు. నర్సమ్మ మాట ఇద్దరిలో ఒక్కరికీ గుర్తులేదు. చెప్పొద్దూ, నాకూ వెంటనే గుర్తురాలేదు.

పిల్ల తల్లి మాత్రం కార్డు తీసి తేదీ చూసుకుని, పాలిచ్చి పడుకోబెట్టిందట.