టేకు ముల్లు, వేడినీళ్ల వైద్యం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారేసరికే వేలంపాట జోరందుకుంటుంది. కొనేవాళ్లంతా వంజరం గుట్టల చుట్టూ మూగారు. నేను చూడాలనుకున్నది మాత్రం ముళ్ల చేపలను. జెట్టీ చివర ఒక పెద్దాయన టేకు చేప తోక మీది రంపపు ముల్లును కత్తితో తెగ్గొడుతున్నాడు.

“ముందు ఇది తీసేయాల బాబూ. చచ్చిన చేపయినా గుచ్చితే ఒకటే మంట” అన్నాడు.

పక్క గంపలో జెల్లలు. వీపున ఒకటి, ఈత రెక్కలకు చెరొకటి ముళ్లు. గుచ్చితే ఏం చేస్తారని అడిగాను.

“ఓర్చుకున్నంత వేడినీళ్లలో చెయ్యి పెడతాం. నొప్పి దిగిపోద్ది.”

ఈ వైద్యం వెనక రసాయనశాస్త్రం ఉంది. టేకుకు పాములా కోరలుండవు. ముల్లు గాడుల్లో విషకణజాలం, దానిపై పలచని తొడుగు ఉంటాయి. ముల్లు దిగగానే తొడుగు చిరిగి విషం గాయంలోకి జారుతుంది. టేకు విషంలో నొప్పి రేపే సెరటోనిన్‌తో పాటు 5′-న్యూక్లియోటైడేజ్, ఫాస్ఫోడయస్టరేజ్ అనే ఎంజైములను గుర్తించారు.

చేపల విషాల్లో బాగా పరిశోధించింది స్టోన్‌ఫిష్‌ది. పగడపు దిబ్బల్లో రాయిలా పడి ఉండే ఈ చేప వీపున సాధారణంగా 13 ముళ్లుంటాయి. దీని విషంలోని హయలురోనిడేజ్ అనే ఎంజైము కణాల మధ్య పదార్థాన్ని కరిగించి దారి చేస్తుంది. అదే విషంలోని స్టోనస్‌టాక్సిన్ కణాల పొరకు కన్నాలు పొడుస్తుంది. ఇది సుమారు 71, 79 కిలోడాల్టన్ల రెండు ప్రోటీన్ల జంట. మన రోగనిరోధక కణాల్లోని పెర్ఫోరిన్‌కు ఇది నిర్మాణంలో చుట్టమని 2015లో తేలింది. స్టోన్‌ఫిష్ పోటుకు ఆస్ట్రేలియాలో 1959 నుంచి విరుగుడు మందు ఉంది. టేకుకు అలాంటిది లేదు.

ఈ విషాల్లో ముఖ్యమైనవి ప్రోటీన్లే. ఉడికిన గుడ్డు తెల్లసొనలా, వేడి తగిలితే వాటి ఆకారం చెడి పని ఆగిపోతుంది. వేడి నొప్పి సంకేతాలను కూడా అణచివేస్తుందని మరో వివరణ.

అయితే అన్ని చేపల విషాలూ వేడికి లొంగవు. బంతిలా ఉబ్బే పఫర్ చేపలోని టెట్రోడోటాక్సిన్ ప్రోటీన్ కాదు, చిన్న అణువు. నరాల్లో సోడియం దారులను మూసేస్తుంది. ఎంత ఉడికించినా పోదు.

అందుకే పఫర్ చేపను కూరకు తేవద్దు. టేకో, జెల్లో గుచ్చితే గాయాన్ని 45 డిగ్రీలు మించని వేడినీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచండి. ముందు గాయం లేని చేత్తో వేడి చూసుకోండి. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే పీకకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.