తూర్పు గోడ

ఇరవై రెండేళ్లు కంకర క్వారీల్లో మేట్‌గా చేశాను. ఇల్లు కౌకూర్‌లో, పని మేడ్చల్, శామీర్‌పేట వైపు గుట్టల మీద. పొద్దున్నే అందరికంటే ముందు గుంతలోకి దిగేది మేటే. గోడకు వదులు రాళ్లు వేలాడుతున్నాయా, నిన్న పేలకుండా మిగిలిన మందు ఎక్కడైనా ఉందా చూసుకున్నాకే కూలీలను దిగనివ్వాలి. మనుషుల కోసం అంత జాగ్రత్తగా చూసేవాణ్ణి. అదే గోడలో ఇంకెవరైనా కాపురం ఉంటారన్న ఆలోచనే లేదు.

ఒక జనవరిలో బ్లాస్టింగ్ అయ్యాక పొగ తగ్గితే దిగాను. రాళ్ల కింద తెల్లటి నూగుతో రెండు పిల్లలు, చచ్చిపోయి. కంప్రెసర్ మీద పనిచేసే కుర్రవాడు పక్కకొచ్చి నిలబడ్డాడు. "గుడ్లగూబ పిల్లలన్నా. రెండు దినాల సంది ఒర్రుతుంటె ఇన్న. చెప్తె మాత్రం పని ఆపుతవా అని చెప్పలే" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆపేవాణ్ణి కాదు మరి.

ఆ తర్వాతే ఆ పక్షిని గమనించడం మొదలుపెట్టాను. కొమ్ముల్లాంటి చెవి ఈకలు, నారింజ రంగు కళ్లు ఉండే కొండ గుడ్లగూబ అది. గూడు కట్టదు. గట్టు అంచున వట్టి నేల మీదే మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని కాలం. నెల రోజులకు పైగా పొదుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక కూడా నెలల తరబడి తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. కలిసొచ్చిన చోటుకే ఏటా వస్తుంది. 250 కోట్ల ఏళ్ల నాటి మన గ్రానైట్ గుట్టల్లో దానికి అలాంటి అంచులు కొల్లలుగా ఉండేవి. గుట్టలు కరిగిపోయాక మేం తొలిచిన గోడలే దానికి దిక్కయ్యాయి. యూరప్‌లో కూడా దీని దగ్గరి చుట్టం పాత క్వారీల్లోనే పిల్లల్ని చేస్తుందట. పొలాల్లో ఎలుకల్ని తినిపెట్టే ఈ పిట్టను అపశకునమని కొట్టి చంపడం, దీపావళికి క్షుద్రపూజల పేరుతో పట్టి అమ్మడం ఎంత అన్యాయమో చెప్పలేను.

మరుసటి ఏడు సేటుతో మాట్లాడాను. నవంబరులో గోడలన్నీ చూసి, గుడ్లున్న వైపు వదిలేసి ఎదురు గోడ కొడదామన్నాను. రాయి ఎటూ పోదు, ఆరు నెలలు ఆగితే అక్కడే ఉంటుంది. ఆయనకు ఈ లెక్క నచ్చింది.

పైమట్టి సంగతి నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మా దగ్గర రాయి మీద ఉండేదే జానెడు మట్టి. దాన్ని డస్టులో కలిపేస్తే మళ్లీ పుట్టదు. విడిగా, మనిషి ఎత్తు దాటకుండా పోయించేవాణ్ణి. ఎత్తుగా పోస్తే అడుగునున్న విత్తనాలు కుళ్లిపోతాయి. తంగేడు, రేగు, సీతాఫలం వాటంతటవే మొలిచేవి. అయితే జేసీబీ నిట్టనిలువుగా కోసిన మట్టికట్టలో, ఎండాకాలం ముందు, తేనెటీగల్ని పట్టి తినే చిన్న పచ్చపిట్టలు బొరియలు తవ్వుతాయి. మూర లోతు కాదు, ఒక్కోసారి అయిదడుగుల దాకా పోతాయి. అప్పుడు ఆ కుప్ప ఎత్తితే లోపలి పిల్లలకు సమాధే. అందుకే మట్టి అవసరమైతే వానాకాలం మొదలయ్యాకే ఎత్తించేవాణ్ణి.

క్వారీ మూసేటప్పుడు మాత్రం పెద్ద గొడవే అయ్యేది. అందరిదీ ఒకటే మాట: గుంత పూడ్చి, చదును చేసి, సుబాబుల్ నాటేద్దామని. నాకది బాగుచేయడంలా అనిపించదు. నీళ్లు నిలిచే గుంతలోకి ఒకవైపు ఏటవాలు దారి వదలాలి. లేకపోతే దాహానికి దిగిన కుందేలు, కుక్క, ఉడుము ఎక్కిరాలేక చస్తాయి, ఈతకు దిగిన పిల్లలూ అంతే. ఒక్క గోడైనా అంచులతో సహా అలాగే ఉంచాలి. 1996 నుంచి రాళ్లను కాపాడే సంస్థ ఒకటి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. గుట్టల కోసం వాళ్లు పడుతున్న తపన, మిగిలిన గుంతల విషయంలో మా వృత్తివాళ్లకు కూడా ఉండాలి.

పని మానేసి మూడేళ్లయింది. మొన్న డిసెంబరులో ఫోన్ వచ్చింది. ఆనాటి కంప్రెసర్ కుర్రవాడే, ఇప్పుడు వేరే క్వారీలో మేట్.

"అన్నా, తూర్పు గోడకు గుడ్లు పెట్టింది. ఆ దిక్కు పని బందు పెట్టిన. సేటుకు నేనే చెప్పిన."