వెలగని పసుపు

మెక్సికోలోని దురాంగో రాష్ట్రంలో, మాపిమీ ఊరికి ఎగువ కొండల్లో ఉంది ఒహుయెలా గని. 1598లో స్పెయిన్ వాళ్లు తవ్వకం మొదలుపెట్టారు. అప్పటి గని ఊరిలో ఇప్పుడు మొండిగోడలే మిగిలాయి. గనికి చేరాలంటే లోయ మీద 300 మీటర్లకు పైగా పొడవున్న వేలాడే వంతెన దాటాలి. గాలి వీస్తే కాళ్లకింద చెక్కలు కదులుతాయి.

నేను వెళ్లింది లెగ్రాండైట్ కోసం. జింక్, ఆర్సెనిక్, నీరు కలిసిన ఈ అరుదైన ఖనిజాన్ని 1932లో ఇదే దేశంలోని లంపాసోస్ ప్రాంతపు నమూనాతో తొలిసారి వర్ణించారు. మేలైన స్ఫటికాలు మాత్రం ఒహుయెలావే. ఇక్కడి సున్నపురాయిలో చేరిన ఆర్సెనోపైరైట్, స్ఫాలరైట్ గాలీ నీరూ తగిలి శిథిలమయ్యాయి. మొదటిదాని ఆర్సెనిక్, రెండోదాని జింక్ తుప్పురంగు లిమోనైట్ గుల్లల్లో కలుసుకుని కొత్త ఖనిజాలయ్యాయి.

చిక్కంతా అక్కడే. ఆ గుల్లల్లోనే ఆడమైట్ కూడా పెరుగుతుంది. అదీ జింక్ ఆర్సెనేటే, అదీ పసుపే.

సొరంగంలో వెంట వచ్చిన గని కార్మికుడు పిడికెడు రాయి చేతిలో పెట్టాడు. పదింతలు పెద్దదిగా చూపే లెన్స్ కంటికి ఆనించి రాయిని దగ్గరకు తెచ్చాను. గుల్ల అంచున పొట్టిగా, ఉలి మొనల్లాంటి స్ఫటికాలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. లోపల నిమ్మపండు రంగులో సన్నటి పొడవాటి పట్టకాలు, చివర ఏటవాలుగా తెగి, గాజులా మెరుస్తున్నాయి. టోపీ లైటు ఆర్పి అతినీలలోహిత దీపం వేశాను. అంచు మొత్తం ఆకుపచ్చగా భగ్గుమంది! ఆడమైట్‌లో లేశమాత్రంగా ఉండే యురేనియం చేసే పని అది. లోపలి పట్టకాలు మాత్రం నల్లగా ఉండిపోయాయి. నా గుండె వేగం పెరిగింది.

వెలగకపోవడం ఒక్కటే చాలదు. రాగి కలిసిన ఆడమైట్ కూడా వెలగదు, కాకపోతే అది ఆకుపచ్చగా ఉంటుంది. అందుకే లోపలి పట్టకాల నుంచి రాలిన రేణువును ఫ్లోరైట్ ముక్క మీద గీశాను. గీత పడింది. ఫ్లోరైట్ కాఠిన్యం 4, ఆడమైట్‌ది 3.5, లెగ్రాండైట్‌ది 4.5. స్ఫటికాన్ని గీకి చూసేవాళ్లంటే నాకు గిట్టదు. అలాంటిదాన్ని ప్రకృతి మళ్లీ చేసివ్వదు.

బొగ్గు మీద కాల్చి వెల్లుల్లి వాసన చూడమని పాత పుస్తకాలు చెబుతాయి. ఆ పొగ ఆర్సెనిక్ విషం, ఎవరూ ఆ జోలికి పోవద్దు. బయటికొచ్చి చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే మంచినీళ్లు తాగాం.

ఏ సొరంగం, ఏ మూల అన్నది కార్మికుడు చెప్పినట్టే చీటీలో రాసుకున్నాను. ఎక్స్‌రే పరీక్షకు ఆ రేణువు చాలు. ఫలితం వచ్చేదాకా లెగ్రాండైట్ పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది.