రాళ్ల సీమలో యాత్ర కీర్తన

పిడుగురాళ్ల నుంచి గురజాల వైపు బయల్దేరితే సున్నపు బట్టీల తెల్లదుమ్ము, ఎండకు కాగే రాతినేల పలకరిస్తాయి. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడు పల్నాటి రాళ్లనూ జొన్నకూటినీ చాటువుల్లో వెక్కిరించాడని చెబుతారు. బాటసారి కంటికి మెట్టసీమ అలాగే కనిపిస్తుంది మరి!

అలాంటి ఎండునేలను రైతు కంటితో చూసిన కవిత్వం బైబిల్లో ఉంది. 1842లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ హేయర్, 1849లో గురజాలకు మకాం మార్చాడు. ఆ తరవాత ఈ పల్లెల్లో వెలసిన చర్చిల్లో కీర్తనల గ్రంథం నేటికీ చదువుతారు. అందులోని 150 కీర్తనల్లో 120 నుంచి 134 దాకా ఉన్నవి 'యాత్ర కీర్తనలు'. పండగలకు యెరూషలేము కొండెక్కే యాత్రికులు వాటిని పాడేవారని పండితుల అభిప్రాయం.

ఆ కొండల తీరే వేరు. మధ్యధరా సముద్రం మీంచి వచ్చే మేఘాలు పడమటి వాలులోనే చాలావరకూ కురిసేస్తాయి. తూర్పున మృతసముద్రం దాకా యూదయ ఎడారే. సుమారు 750 మీటర్ల ఎత్తున్న నగరం నుంచి, సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువనున్న ఆ తీరానికి కారులో గంట కూడా పట్టదు. ఆ కాస్త దూరంలోనే పచ్చదనం మాయం! దక్షిణాన నెగెవు ఎడారిలోనైతే ఏడాదిలో ఎక్కువకాలం ఎండిపోయి ఉండే వాగులు, చలికాలపు వానకు ఒక్కసారిగా పొంగుతాయి.

చెరపోయిన తమ జనం బతుకులు ఆ వాగుల్లా నిండాలని కోరుతుంది 126వ కీర్తన. వెంటనే కన్నీళ్లతో విత్తే రైతును చూపి, అతడు సంతోషంగా పంట మోసుకొస్తాడంటుంది. విత్తేటప్పుడు ఏడుపెందుకు? కరవులో పిల్లల నోటి దగ్గరి గింజనే మట్టిలో వేయాలి. వాన రాకపోతే అదీ దక్కదు.

పల్నాటి మెట్టరైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక ఎన్నో చేలు తడిశాయి. కాలువ అందని చోట పత్తి, మిరప వేసినవాళ్లు మాత్రం ఇప్పటికీ మబ్బు వంకే చూస్తారు. నాటిది ఇంటి గింజ, నేటిది చాలామందికి అప్పు చేసి కొన్న ప్యాకెట్. మొలకెత్తకపోతే మళ్లీ విత్తాలి... మళ్లీ అప్పు చేయాలి.

తొలకరి ముందు ఈ దారిన వెళ్లేవారికి రాళ్ల నడుమ దున్ని ఉంచిన చేలు కనిపిస్తాయి. వాటి వెనక ఒక ఇంటి ఏడాది తిండి, పిల్లల చదువు ఉంటాయి. విత్తనం వేసినవాళ్లు మాత్రం వానకోసం ఎదురుచూస్తుంటారు.