మూడు నీళ్ళ యంత్రం

నేలను శుభ్రం చేసే పనులకు తెలుగులో ఉన్న క్రియలు ఒకదాని చోట మరొకటి ఒదగవు. చీపురుతో చేసేది ఊడవడం, తడిగుడ్డతో చేసేది తుడవడం, బకెట్లతో నీళ్ళు కుమ్మరించి చేసేది కడగడం, పేడతోనో ఎర్రమట్టితోనో చేసేది అలకడం. తోమడం మాత్రం గిన్నెలకూ పళ్ళకూ చెందిన మాటే గాని నేలకు అంతగా అలవాటైనది కాదు. పెద్ద ఆసుపత్రుల వరండాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, పట్టణాల కల్యాణ మండపాలలో కనిపించే స్క్రబ్బర్ డ్రయ్యర్ అనే బ్యాటరీ యంత్రం తడపడం, తోమడం, పీల్చడం అనే మూడు పనులను ఒకే నడకలో ముగిస్తుంది. మూడో పనికి ఇంటి భాషలో పేరు లేదు. వైపర్ కర్ర నీటిని తూము దాకా తోస్తుందే గాని, పోసిన నీటిని తిరిగి తీసుకునే పరికరం ఇళ్ళలో అరుదు.

యంత్రం నిర్మాణం చిక్కుపడినదేమీ కాదు. మంచినీటి ట్యాంకు నుంచి సన్నని ధారగా దిగిన నీరు, అందులో కలిపిన మందుతో సహా, గుండ్రంగా తిరిగే బ్రష్ కిందికి చేరుతుంది. బ్రష్ తోమిన మురికిని వెనకనే విల్లులా వంగి వచ్చే స్క్వీజీ, అంటే నేలను ఒరుసుకుంటూ సాగే రబ్బరు పట్టీ, ఒకచోటికి కూడదీస్తుంది. ఆ కూడిన నీటిని వాక్యూమ్ మోటారు గొట్టం గుండా లాగి రెండో ట్యాంకులో, అంటే మురికినీటి ట్యాంకులో పడవేస్తుంది. దుమ్మును ఊదివేయడం కన్నా లోపలికి పీల్చుకోవడం మేలన్న ఆలోచనను 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ యంత్రంగా మలిచాడు. నేలను పొడిగా విడిచిపెట్టే ఈ బండి ఆ ఆలోచనకు తడి నేల మీది కొనసాగింపు. నడుస్తూ తోసే రకం యంత్రానికి సాధారణంగా 24 వోల్టుల బ్యాటరీల జత ఉంటుంది, దాని ట్యాంకులో 40 నుంచి 60 లీటర్ల నీరు పడుతుంది. అదే హాలును బకెట్లతో కడగడానికి అయ్యే నీటిలో ఇది చిన్న భాగం మాత్రమే గనుక, బోరు ఎండిపోతే ట్యాంకరు కోసం ఎదురుచూసే, ఆంధ్రప్రదేశ్‌లోని పామూరు వంటి ఊళ్ళలో ఈ యంత్రానికి గల మొదటి ఆకర్షణ వేగం కన్నా నీటి పొదుపే అని చెప్పవచ్చు.

చిత్రమేమంటే, నీటిని ఇంతగా పొదుపు చేసే యంత్రానికి ఆ ఊళ్ళ భూగర్భ జలమే సరిపడదు. ఎముకలనూ పళ్ళనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ భారతదేశంలో ఒక ప్రాంతాన్ని అంటిపెట్టుకున్న వ్యాధిగా మొదట నమోదైనది 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలనలో, అదీ పామూరు 1970 వరకు భాగంగా ఉన్న నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదన్న భారతీయ ప్రమాణం ఈ ప్రాంతపు చాలా బోర్లకు అందని గీత. అయితే యంత్రానికి పీడ ఫ్లోరైడు వల్ల కాదు, కాఠిన్యం వల్ల. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలనే కాఠిన్యం అంటారు. మనిషి పళ్ళకు పట్టినదాన్నీ కాచిన గిన్నెకు పట్టినదాన్నీ జనం గార అనే ఒక్క మాటతోనే పిలిచినా, వాటి వెనక ఉన్న పదార్థాలు వేరు. కఠినజలం మంచినీటి ట్యాంకులో ఆరిన ప్రతిసారీ కొంత గారను మిగులుస్తుంది, ఆ గార నీటిని విడుదల చేసే చిన్న కవాటాన్నీ దాని ముందున్న జల్లెడనూ మూస్తుంది, బ్రష్ ఒక పక్క తడిగా ఒక పక్క పొడిగా తిరగడం మొదలవుతుంది. వారానికొకసారి జల్లెడ విప్పి కడగడం, పని అయ్యాక మిగిలిన నీటిని ట్యాంకులో నిల్వ ఉంచకుండా పారబోయడం అన్న రెండు చిన్న అలవాట్లు ఈ ప్రాంతంలో మరే మరమ్మతు కన్నా విలువైనవి.

నేల సంగతి కూడా ఇక్కడి రాయితోనే చెప్పుకోవాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచిన హాలు ఈ యంత్రానికి పుట్టిల్లు వంటిది. మెరుగుపెట్టిన ఆ నల్లటి ముఖం మీద రబ్బరు పట్టీ ఒక్క చుక్కను కూడా వదలదు. మార్కాపురం పలకరాయిని మాత్రం పొరలుగా చీల్చి, చీలిన ముఖాన్నే పైకి ఉంచి పరుస్తారు గనుక, ఆ ఎత్తుపల్లాలలో నిలిచిన నీరు పట్టీకి అందదు, యంత్రం ఎంత కొత్తదైనా వెనక తడి చారలు మిగులుతాయి. అటువంటి చోట చీపురునూ తడిగుడ్డనూ నమ్ముకోవడమే తెలివి. నున్నని నేల మీద కూడా చారలు పడుతున్నాయంటే పట్టీ అంచు అరిగిందనో, అంచులో ఇసుక రేణువో కొబ్బరిపీచో ఇరుక్కున్నదనో అర్థం. చాలా యంత్రాలలో ఆ రబ్బరును తిప్పి బిగిస్తే నాలుగు అంచులూ వరుసగా పనికి వస్తాయి గనుక, ఒక అంచు అరగగానే కొత్తది కొనడం వృథా ఖర్చు. బ్రష్‌కు బదులు వాడే ప్యాడ్లకు రంగులతో ఒక సంకేతం ఉంది: ఎరుపు రోజువారీ శుభ్రతకు, నలుపు పాత పూతను గీకివేయడానికి. త్వరగా పని తెమలాలని రోజూ నల్ల ప్యాడ్ వేసేవారు నేల మెరుపును తామే తీసివేసి, ఆ తరువాత నేల మాసిందని మళ్ళీ తోమిస్తారు.

నడపడంలో బరువును మరచిపోవడమే పెద్ద ప్రమాదం. నీరు, బ్యాటరీలు కలిసిన యంత్రం బరువు 200 కిలోలకు చేరగలదు. చదునైన నేల మీద ఒక చేత్తో కదిలే ఆ బరువు ఆసుపత్రి ర్యాంపు మీద మనిషిని లాక్కుపోతుంది. వాలు మీద నిటారుగానే ఎక్కి దిగాలి గాని అడ్డంగా నడపరాదు, మధ్యలో తిప్పరాదు, అక్కడ ఆపి పక్కకు వెళ్ళరాదు. మలుపు దగ్గర పట్టీ బ్రష్ వెంట ఆలస్యంగా తిరుగుతుంది, దాంతో కొంత నీరు బయటికి జారుతుంది గనుక, మలుపుకు కొంత ముందే నీటిని కట్టేసి నెమ్మదిగా తిప్పడం తెలిసిన చేతి లక్షణం. నేలను ఆరబెట్టే యంత్రమే కదా అని తడి నేల హెచ్చరిక పలకను మూలన పెట్టడం మాత్రం పొరపాటు. మనుషులు జారిపడేది ఆ మలుపుల దగ్గరి తడిలోనే. ఈ పని ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగా సాగుతుంది. కొంగును నడుముకు దోపుకొని పైన ఏప్రాన్ కట్టుకోవడం, బ్రష్ విప్పే ముందు తాళంచెవి తీసి బ్యాటరీ ప్లగ్గును ఊడదీయడం వారికి మొదటి రోజే చెప్పవలసిన సంగతులు. చాలాచోట్ల మొదటి రోజు చెప్పేది స్విచ్ ఎక్కడుందన్నది మాత్రమే. ఇంగ్లీషులో అచ్చయిన సూచనల పుస్తకం మేనేజరు బీరువాలో భద్రంగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పుకున్న మంచినీరు ఈ యంత్రపు మొదటి నీరు, రెండో నీరు మురికినీరు. ట్యాంకు నిండినప్పుడు పైకి తేలే బంతి వాక్యూమ్ దారిని మూసి మోటారులోకి నీరు పోకుండా కాపాడుతుంది. అయితే నురుగు ఆ బంతిని సరిగా తేల్చలేక దాని పక్కనుంచే మోటారులోకి జొరబడుతుంది. నురుగు వస్తేనే మురికి వదులుతుందన్నది బట్టల సబ్బు నేర్పిన నమ్మకం, ఆ నమ్మకంతో బట్టల పౌడరును గుప్పెడు ట్యాంకులో వేయడం ఈ యంత్రానికి అన్నిటికన్నా తరచుగా జరిగే అపచారం. తక్కువ నురుగు గల మందునే, డబ్బా మీది కొలత ప్రకారమే కలపాలి.

మురికినీటి ట్యాంకుకు విచక్షణ లేదన్నది ఇంకా పెద్ద సంగతి. నేల మీది తెల్ల మరకలు పోవడానికి ఒక గదిలో యాసిడ్, వాసన పోవడానికి మరో గదిలో బ్లీచింగ్ పౌడర్ వాడడం ఊళ్ళలో మామూలే. ఆ రెండు గదుల నీటినీ యంత్రం ఒకే మూసిన ట్యాంకులో కలుపుతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిసిన చోట క్లోరిన్ వాయువు పుడుతుంది, మూత తీసిన మనిషి ముఖాన అది కొడుతుంది. గదుల్లో వేర్వేరుగా జాగ్రత్త పడినవారు కూడా ట్యాంకు దగ్గర మోసపోతారు గనుక, యాసిడ్‌ను యంత్రంతో అసలు ముడిపెట్టకపోవడమే క్షేమం. పెట్రోలు, థిన్నర్ వంటివి నేల మీద ఒలికినప్పుడు యంత్రంతో పీల్పించరాదు. మోటారు నిప్పురవ్వకు ఆ ఆవిరి అంటుకుంటుంది. పని ముగిశాక ట్యాంకును ఖాళీ చేసి, కడిగి, మూత తెరిచి ఆరనివ్వాలి, లేకుంటే మరునాటి ఉదయం హాలంతా మురుగు వాసన చల్లినట్టవుతుంది. నీటికి కరువైన చోట ఆ మురికినీటిని కొబ్బరిచెట్టు పాదులో పోయాలని చేయి ఆశపడుతుంది గాని, మందు కలిసిన నీటికి డ్రైనేజీ తప్ప మరో దారి లేదు.

మూడో నీరు బ్యాటరీలోనిది, కంటికి కనబడదు గనుక అన్నిటికన్నా అలక్ష్యానికి గురయ్యేది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంతే రూపొందించిన సీసపు బ్యాటరీ సూత్రమే నేటికీ ఈ యంత్రాలలో చాలావాటిని నడుపుతున్నది: సీసపు పలకలు, వాటి మధ్య పలుచని గంధకామ్లం. ట్రాక్టరులో ఉండే బ్యాటరీ కూడా ఇదే జాతిది, కాని ఇంజను స్టార్టు చేయడానికి క్షణకాలం పెద్ద శక్తినిచ్చేలా పలుచని పలకలతో కూర్చినది. గంటల తరబడి కొద్దికొద్దిగా ఖాళీ అయ్యే పనికి మందపు పలకలున్న డీప్ సైకిల్ రకమే ఆగుతుంది. ధర తక్కువని యంత్రంలో ట్రాక్టరు బ్యాటరీ బిగించినవారికి ఆ లాభం కొన్ని నెలలే.

చార్జింగ్ చివరి దశలో బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది కనుక నీటి మట్టం తగ్గుతూ ఉంటుంది, 40 డిగ్రీలు దాటే వేసవిలో ఇంకా త్వరగా తగ్గుతుంది. తగ్గినంత మేర డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆమ్లం ఆవిరై పోదు గనుక యాసిడ్ పోయరాదు. పామూరు వీధుల్లో 20 లీటర్ల క్యాన్లలో దొరికే ప్లాంటు నీళ్ళు తాగడానికి మంచివే గాని వాటిలో కూడా కొన్ని లవణాలు మిగిలి ఉంటాయి. క్లోరైడు పలకలను తింటుంది, ఇనుము చార్జిని దానంతట అదే కరగనిస్తుంది. పోసే వేళ కూడా ముఖ్యమే: చార్జింగ్ పూర్తయ్యాకే పోయాలి, ఎందుకంటే చార్జింగ్‌లో ద్రవం ఉబుకుతుంది, ముందే నింపితే ఆమ్లం పొంగి పెట్టెను తినేస్తుంది. పలకలు తేలి కనిపిస్తే మాత్రం అవి మునిగేంత మేర ముందు పోసి, మిగతాది తరువాత నింపాలి. జెల్ రకం బ్యాటరీలకు ఈ సేవ అవసరం లేదు, వాటి మూత తెరవనే రాదు. వాటికి తగిన చార్జరు వేరు.

విడుదలైన హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే అంటుకుంటుంది, తేలికైనది గనుక కప్పు కింద పోగవుతుంది. అందుచేత సామాన్ల గదిలో తలుపు మూసి చార్జింగ్ పెట్టరాదు. కిటికీ తెరిచి, బ్యాటరీ పెట్టె మూత ఎత్తి, మూడో పిన్ను విరగని ప్లగ్గుతో పెట్టాలి. 24 వోల్టులు మామూలుగా షాక్ కొట్టవన్న ధీమాతో ఉంగరంతోనో లోహపు గాజుతోనో రెండు కొసలనూ కలిపితే ప్రవహించే కరెంటు ఆ లోహాన్ని క్షణంలో ఎర్రగా కాల్చగలదు. ఉంగరాలు తీసి పెట్టవచ్చు. తాళి తీయమనడం అయ్యే పని కాదు గనుక దాన్ని రవికె లోపలికి దోపుకోవాలి. ఒలికిన ఆమ్లానికి వంటసోడా విరుగుడు, కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. చీకట్లో నీటి మట్టం చూడడానికి టార్చి లైటే గాని అగ్గిపుల్ల గీయరాదని వేరే చెప్పనక్కరలేదనిపించినా చెప్పడమే మంచిది.

సగం ఖాళీగా వదిలేసిన సీసపు బ్యాటరీ పలకల మీద గంధకపు లవణం గట్టిపడుతుంది, ఆ గట్టిదనం తరువాతి చార్జింగులకు లొంగదు. కనుక చార్జి 20 శాతానికి దిగేలోపే ఆపాలి, పని ఎంత పొద్దుపోయి ముగిసినా ఆ రాత్రే చార్జింగ్ పెట్టాలి. కల్యాణ మండపాల యంత్రాలు ఎక్కువగా చెడేది పెళ్ళిళ్ళ రద్దీలో కన్నా ముహూర్తాలు లేని రోజుల్లో. ఆషాఢంలోనూ, మూఢం వచ్చినప్పుడూ మండపానికి తాళం పడుతుంది, యంత్రం పట్టీ నేలకు నొక్కుకొని, బ్రష్ తన బరువుకే వంగి, బ్యాటరీ వేడికి తనంతట తానే ఖాళీ అవుతూ మూలన నిలుస్తుంది. పట్టీనీ బ్రష్‌నూ పైకెత్తి, ట్యాంకులు రెండూ ఆరబెట్టి, నెలకొకసారి పూర్తిగా చార్జింగ్ చేయించడానికి వాచ్‌మన్‌కు తాళంచెవి, ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్, గోడకు అంటించిన ఒక తెలుగు కాగితం చాలు.