స్టేషనులో పడుకొనే మన పిల్లలు

మీలో అనేకులు సికింద్రాబాదు స్టేషనులో దిగియే ఉంటారు. గాంధీ ఆసుపత్రికో, కుమారుని పని మీదనో వచ్చి, మూటలు సర్దుకొని రేతిఫైల్ బస్టాండు వైపు తొందరగా నడచిపోయి ఉంటారు. ఆ దారిలో గోడవార పడుకున్న యౌవనస్థుని చూచి ముక్కు మూసుకొంటాము. చేతిలో వైట్‌నరు తడిపిన గుడ్డముక్క. తాగుబోతు వెధవ అనే మాట నోటికి వచ్చేస్తుంది.

కొన్ని సంవత్సరములుగా శనివారము రాత్రులు మా సంఘ యౌవనస్థులతో కలిసి మేము అక్కడ భోజనము పంచుతున్నాము. పులిహోర పొట్లము చేతిలో పెట్టి వచ్చేయుట సులువే. ప్రక్కన కూర్చుండి వినుట కష్టము.

పందొమ్మిదేండ్ల అబ్బాయి ఒకడు మాకు అలవాటయ్యాడు. ఊరి పేరు వ్రాయము, అది మీలో ఎవరి ఊరైనను కావచ్చును. పదవ తరగతి తప్పితే తండ్రి కొట్టాడనీ, బండి ఎక్కేశాననీ మొదట చెప్పాడు. మూడవ వారము అసలు సంగతి బయటపెట్టాడు. బండి ఎక్కకముందు ఆరు నెలలుగా నిద్ర లేదు. ఎవరో చెవిలో తిడుతున్నట్టు మాటలు వినబడేవి. పుస్తకము తెరిస్తే అక్షరము నిలిచేది కాదు. ఇంటివారు తాయెత్తు కట్టించారు, ఆ తరువాత ఒక కూటమునకు తీసికొనిపోయి దయ్యమని మూడు దినములు పస్తుంచారు. వైట్‌నరు పీలిస్తే ఆ మాటలు కాసేపు ఆగుతాయట. “అయ్యగారూ, ఒక్క రాత్రి నిద్ర పడితే చాలు” అన్నాడు.

వ్యసనము వలననే వీరి మతి చెడినదని మనము అనుకొంటాము. కొందరి విషయములో అది నిజమే. వైట్‌నరు, పంక్చరు సొల్యూషను పీల్చుట మెదడును చెరుపుతుంది. అయితే ఈ అబ్బాయివంటి వారికి జబ్బు ముందు వచ్చినది, వీధి దానిని పెంచినది. రాత్రి లాఠీ భయము, దొంగల భయము, చీకటిలో మీద చెయ్యి వేసేవారి భయము. అట్టి చోట కన్ను మూయుట ఎట్లు? 10 నుండి 19 ఏండ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లవాడు ఇల్లు విడిచే వయస్సును, ఈ జబ్బులు తల ఎత్తే వయస్సును ఒక్కటే.

మేమును ప్రార్థించేవారమే. అయితే ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు (1 రాజులు 19) దేవుడు అతనిని మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రెండు మారులు రొట్టెయు నీళ్లును పెట్టించాడు. మనమైతే ముందు ప్రసంగము మొదలుపెట్టి ఉందుము.

అబ్బాయిని ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసికొని వెళ్లాము. ఎర్రగడ్డ అనే మాటను మనము తిట్టుగా వాడుకొంటున్నాము గనుక వాడు వాకిట్లోనే ఏడ్చాడు. లోపల చూస్తే చీటీ వ్రాయించుకొని వరుసలో కూర్చున్న మామూలు సంసారులు, చంటిపిల్లల తల్లులు. మాత్రలు వాడిన అయిదు వారములకు మాటలు తగ్గాయి. వాడు మొదట అడిగినది దువ్వెన.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము, మతి తప్పి తన్ను తాను చూచుకొనలేక తిరుగువారిని పోలీసులు కాపాడి, 24 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. ఇల్లు లేనివాడైతే తప్పిపోయినవాడని కేసు వ్రాసి, వాని కుటుంబమును వెదకవలెను. 18 ఏండ్లలోపు పిల్లల కొరకు 1098 ఉన్నది. 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ అంకెలు గోడమీద వ్రాసికొనండి. బిడ్డ బండి ఎక్కకముందే పనికివస్తాయి.

ముంబాయిలో డాక్టరు భరత్ వాట్వానీ దంపతులు 1988 నుండి ఇట్టివారిని రోడ్డుమీద నుండి తెచ్చి, బాగుచేసి, వారి ఊళ్లకు చేర్చుతున్నారు. 2018లో ఆయనకు మెగసెసే బహుమానము వచ్చినది. ఊరు చేర్చువారున్నారు, సరే. ఊరు చేర్చుకొనవద్దా?

మేము ఫోను చేస్తే ఈ అబ్బాయి తండ్రి రెండుసార్లు పెట్టేశాడు. చెల్లెలి పెళ్లి కుదిరినదట, పిచ్చివాడు ఇంట్లో ఉన్నాడంటే సంబంధము చెడుతుందట. ఆయన కఠినుడని మేము అనము. ఆడపిల్ల తండ్రి భయము మేము ఎరుగుదుము. అయితే ఆ భయము పుట్టించినది చుట్టుప్రక్కల వారి నాలుకలే గదా.

పోయిన నెల తల్లి ఒంటరిగా వచ్చినది. కుమారుని మోకాళ్లు తడుముతూ, “నలుగురికీ ఏమని చెప్పను అయ్యగారూ?” అని అడిగినది. “టైఫాయిడు వచ్చి తగ్గినవాని గూర్చి ఏమి చెబుతావో అదే చెప్పమ్మా. మాత్రలు మాత్రము డాక్టరు మానమనేవరకు మానిపించవద్దు” అన్నాము.

పెళ్లి ఫిబ్రవరిలో. విందులో వడ్డన పని అబ్బాయికి అప్పగించి, ప్రక్కన నిలువవలసినదిగా ఆ ఊరి సంఘకాపరిగారికి ఉత్తరము వ్రాశాము. జవాబు ఇంకను రాలేదు.