బెండు జరపరా!

చేపల పోటీకి వెళ్తున్నానంటే ఊళ్లో అమ్మకి ఇప్పటికీ నవ్వే. "పొద్దస్తమానం నీళ్లలో తిరిగి, పట్టినవాటిని తూకం వేసి మళ్లీ వదిలేస్తారా? పైగా డబ్బులు కూడా మీరే కట్టాలా?" అంటుంది. రెండూ నిజమే.

అట్లాంటాకి ఉత్తరాన, చట్టహూచీ నదికి బ్యూఫర్డ్ దగ్గర కట్టిన డ్యామ్ వెనక లేనియర్ సరస్సు ఉంది. సుమారు 38 వేల ఎకరాల నీళ్లు. చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెట్టాల్లో మనవాళ్లు బోలెడుమంది. సరస్సుకి చాలామంది పులిహోర డబ్బాలతో పిక్నిక్‌కి వెళ్తారు. నేనూ, పదహారేళ్ల మావాడూ మాత్రం బాస్ చేపల కోసం వెళ్తాం.

మే మొదట్లో ఒక చిన్న క్లబ్బు పోటీ. బోటుకి ఇద్దరు. పొద్దున ఆరున్నరకి బయల్దేరి మధ్యాహ్నం మూడింటికల్లా ఒడ్డుకి రావాలి. 14 అంగుళాలకి తగ్గని బాస్‌లు ఐదు, అంతే. వాటి మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్లదే గెలుపు. ఐదు నిండాక పెద్దది పడితే తొట్టిలో ఉన్న చిన్నదాన్ని వదిలెయ్యాలి. ఆలస్యంగా వస్తే బరువు కోస్తారు, చేప చచ్చినా కోస్తారు.

అంతకుముందు వారం వెళ్లి చూసుకున్నాం. మబ్బు, సన్నటి గాలి. ఆ రోజుల్లో హెర్రింగ్ అనే వెండిరంగు చిన్నచేపలు తెల్లారుజామున గులకరాళ్ల ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిని తినడానికి వెనకే స్పాటెడ్ బాస్‌లు. నీళ్ల మీద తేలే ఎరని అటూ ఇటూ ఆడిస్తూ లాగితే చాలు, ఎగిరి మరీ పట్టుకున్నాయి. జీపీఎస్‌లో 22 చోట్లు గుర్తు పెట్టాను. ఏ టైముకి ఎక్కడ ఉండాలో ఎక్సెల్ షీటు కూడా తయారుచేశాను. (నవ్వకండి, ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగమే అది.)

పోటీకి ముందురోజు రాత్రి ఉరుములతో వాన పడి వెళ్లిపోయింది. తెల్లారేసరికి చలి. ఆకాశంలో మబ్బు తునక లేదు, నీళ్లమీద అల లేదు. తొమ్మిదిన్నరకి ఏడు చోట్లు తిరిగాం. ఒక్కటీ పడలేదు.

"డాడీ, ప్లాన్ మారుద్దాం" అన్నాడు వాడు.

"వారం కింద ఇక్కడే పడ్డాయిగా?"

"అప్పుడు మబ్బుంది కదా."

"మధ్యలో మారిస్తే అదీ పోద్ది, ఇదీ పోద్ది. షీటు ప్రకారం పోదాం" అని కాస్త గట్టిగానే అన్నాను. వాడు మూతి ముడుచుకుని బోటు వెనక్కి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు నేను వెనకేసుకొచ్చింది చేపల్ని కాదు, నా షీటుని.

ఎనిమిదో చోట వాడి రీల్లో దారం చిక్కుపడింది. విప్పుకుంటూ కూర్చుంటే, విసిరిన మెత్తటి ప్లాస్టిక్ ఎర మెల్లగా మునిగి అడుక్కి వెళ్లిపోయింది. చిక్కు తీసి లాగేసరికి బరువు! రెండు పౌండ్ల పైచిలుకు బాస్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "బెండు జరపరా!" అని నా నోటినుంచి వచ్చేసింది. అది మా తాతయ్య మాట. భీమవరం పక్కన మా ఊరి పంటకాలువ గట్టున కూర్చుని గాలం వేసేవాడాయన. గంటసేపు పడకపోయినా చోటు మారేవాడు కాదు. దారానికున్న బెండుని జానెడు పైకి జరిపేవాడు. అప్పుడు కొక్కెం ఇంకాస్త లోతుకి దిగుతుంది.

చేపలు ఎక్కడికీ పోలేదు, కిందకి దిగాయంతే. ఎండ కాస్తున్న రోజు అవి పైకొచ్చి వెంటబడవు. ఒడ్డు నుంచి పాతిక అడుగుల లోతుకి జరిగి, అడుగున కొమ్మల కుప్పలున్న చోట డ్రాప్‌షాట్ దింపాం. అంటే దారం చివర సీసపుగుండు, అడుగు పైన కొక్కానికి సన్నటి ప్లాస్టిక్ పురుగు. లాగక్కర్లేదు, కదిలీ కదలనట్టు ఉంచాలి. సోనార్ తెరమీద చేపలు గీతల్లా కనిపిస్తూనే ఉన్నాయి. ఒంటిగంటకల్లా ఐదూ నిండాయి.

అంతటితో బుద్ధొచ్చిందనుకుంటున్నారా? ఒకటిన్నరకి గాలి లేచింది. "డాడీ, ఇప్పుడు మళ్లీ ఒడ్డుకి పోదాం. గాలి తగిలే నాలుగో నంబరుకి" అన్నాడు. నీళ్లు కదిలితే బాస్‌లు పైకి వస్తాయని నాకూ తెలుసు. కానీ ఇప్పుడు పాతిక అడుగులే నా కొత్త షీటు అయిపోయింది. "ఐదూ ఉన్నాయిగా, ఉండు" అన్నాను. నలభై నిమిషాలు అక్కడే నానాం. పడ్డవన్నీ ఉన్నవాటికంటే చిన్నవే. చివరికి వెళ్తే మిగిలింది పదిహేను నిమిషాలు. మావాడు తేలే ఎర విసిరిన మూడోసారికే నాలుగు పౌండ్ల చేప! ఇంకొకటి వెంటపడి తప్పిపోయింది. ఇక వెనక్కి తిరగాల్సిందే. అలల్లో ఎగురుకుంటూ, రెండు నిమిషాల ముందు ఒడ్డు చేరాం.

13 పౌండ్ల 2 ఔన్సులు. ఏడో స్థానం. బహుమతులు ఐదు వరకే. ఐదోవాళ్లకీ మాకూ తేడా అర పౌండు కూడా లేదు. ఆ నలభై నిమిషాల సంగతి వాడు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

కారెక్కాక చాలాసేపటికి, "ఇందాక బెండు అన్నావ్, అంటే ఏంటి డాడీ?" అని అడిగాడు. జీలుగు బెండు గురించీ, దాన్ని బ్లేడుతో కోసి దారానికి ఎలా గుచ్చుతారో, అది గుటుక్కుమని మునిగితే తాతయ్య నోట్లో చుట్ట తీయకుండానే గాలం ఎలా లాగేవాడో చెప్పడం మొదలుపెట్టాను. మా ఎగ్జిట్ దాటిపోయింది. ఇద్దరిలో ఎవరం చూసుకోలేదు.